మంచును కొలిచిన మనిషి – జాన్ టిండాల్

మన పిల్లలకు జాన్ టిండాల్ పేరు తొమ్మిదో తరగతి విజ్ఞానశాస్త్రంలో ఒకసారి తగులుతుంది. రెండు చుక్కలు పాలు కలిపిన నీళ్లలోంచి కాంతిపుంజాన్ని పోనిస్తే దాని దారి కంటికి కనబడుతుందనీ, దాన్ని టిండాల్ ప్రభావం అంటారనీ చదువుకుంటారు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా వస్తుంది. పరీక్ష అయ్యాక ఆ పేరు ఎవరికీ గుర్తుండదు.

కానీ ఆ మనిషి తన మంచి వయసంతా పెట్టింది వేరే రెండు పనుల మీద. ఒకటి, ఆల్ప్స్ పర్వతాల్లో మంచు ఎలా కదులుతుందో కొలవడం. రెండోది, గాలిలోని ఏ వాయువు ఎంత వేడిని పట్టి ఉంచుతుందో కొలవడం. ఇవాళ ప్రపంచంలోని హిమానీనదాలన్నీ ఎందుకు కరుగుతున్నాయి, ఎంత కరుగుతున్నాయి అని అడిగితే, జవాబు మొదలయ్యేది ఈ రెండు కొలతల దగ్గరే.

టిండాల్ 1820 ఆగస్టు 2న ఐర్లండులోని కార్లో జిల్లాలో, లేలిన్‌బ్రిడ్జ్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. ఆస్తి లేదు. తండ్రి పోలీసు కానిస్టేబులు, చదువంటే గౌరవం ఉన్న మనిషి. ఇంటివాళ్లు ప్రొటెస్టెంట్లు. అయినా తండ్రి తన కొడుకును కాథలిక్ అయిన జాన్ కాన్విల్ అనే ఉపాధ్యాయుడి దగ్గర చదవడానికి పంపారు. ఆ రోజుల్లో ఐర్లండులో అది చిన్న సంగతి కాదు. మతం చూడకుండా చెప్పే గురువు మంచివాడా కాదా అని మాత్రం చూసిన ఆ తండ్రి మీద నాకు చాలా గౌరవం. కాన్విల్ దగ్గర టిండాల్ గణితం, రేఖాగణిత చిత్రాలు, భూమి కొలిచే పద్ధతులు నేర్చుకున్నారు. ఆ చదువే అన్నం పెట్టింది. 1839లో ఐర్లండు భూసర్వే శాఖలో ఉద్యోగం దొరికింది. 1842లో ఇంగ్లండుకు మార్చారు.

అక్కడ జీతాలు తక్కువ, పని ఎక్కువ. సర్వే ఉద్యోగులు తమ కష్టాలు చెప్పుకుంటూ అర్జీ పెట్టుకున్నారు. అందులో ముందు నిలబడ్డవాళ్లలో టిండాల్ ఒకరు. ఫలితంగా 1843లో ఆయన ఉద్యోగం ఊడింది. ఇరవై మూడేళ్ల వయసులో చేతిలో ఉన్నదల్లా థియోడొలైటు తిప్పే నేర్పు ఒక్కటే. అదృష్టవశాత్తు అప్పుడు ఇంగ్లండులో రైలుమార్గాల పిచ్చి మొదలైంది. ఎక్కడ చూసినా కొత్త లైన్లే, కొలిచేవాళ్ల కోసం కంపెనీలు వెతుక్కుంటున్న రోజులు. మూడేళ్లకు పైగా టిండాల్ ఊరూరా తిరుగుతూ రైలుమార్గాలు కొలిచారు. పెట్టె సర్దడం, విప్పడం, మళ్లీ సర్దడం. బదిలీ ఉత్తర్వుల మీద బతికే మా బోటి వాళ్లకు ఆయన జీవితంలోని ఈ భాగం ఇట్టే అర్థమవుతుంది. హాలిఫాక్స్ అనే ఊళ్లో పనిచేస్తున్నప్పుడు థామస్ హిర్స్ట్ అనే కుర్రవాడు పరిచయమయ్యాడు. తనకంటే పదేళ్లు చిన్న. ఆ స్నేహం జీవితాంతం నిలిచింది.

1847లో టిండాల్ ఉపాధ్యాయుడయ్యారు. హాంప్‌షైర్‌లోని క్వీన్‌వుడ్ పాఠశాలలో గణితం చెప్పడం ఆయన పని. పిల్లల చేత ప్రయోగశాలలో స్వయంగా ప్రయోగాలు చేయించిన తొలి ఇంగ్లీషు పాఠశాలల్లో అదొకటి. ఎడ్వర్డ్ ఫ్రాంక్లండ్ అనే రసాయనశాస్త్రవేత్త అక్కడ తోటి ఉపాధ్యాయుడు. ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. తెల్లవారుజామున లేచి ఒకరు ఇంకొకరికి పాఠం చెప్పాలి. ఫ్రాంక్లండ్ రసాయనశాస్త్రం, టిండాల్ గణితం. ఏడాది తిరిగేసరికి ఇద్దరికీ తెలిసిపోయింది, అసలు చదువు జర్మనీలో ఉందని. రైలు పనిలో కూడబెట్టుకున్న డబ్బు తీసుకుని 1848లో టిండాల్ మార్‌బుర్గ్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అప్పటికి ఆయనకు జర్మన్ భాష సరిగా రాదు. బున్సెన్ బర్నరుకు పేరిచ్చిన బున్సెనే ఆయనకు అక్కడ గురువు. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, తనకంటే చిన్నవాళ్ల పక్కన బెంచీ మీద కూర్చుని, రాత్రింబవళ్లు చదివి, రెండేళ్ల లోపే డాక్టరేటు తీసుకున్నారు.

పట్టా వచ్చింది గానీ కొలువు రాలేదు. కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టారు, దక్కలేదు. మళ్లీ క్వీన్‌వుడ్ పాఠశాలకే వచ్చి పిల్లలకు పాఠాలు చెప్పారు. 1853లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఒక శుక్రవారం సాయంత్రం ఉపన్యాసం ఇచ్చే అవకాశం వచ్చింది. ఆ ఒక్క ఉపన్యాసంతో దశ తిరిగింది. కొద్ది నెలలకే ఏడాదికి 200 పౌండ్ల జీతంతో అక్కడే ఆచార్యుడయ్యారు. ఆ సంస్థలో పెద్దాయన ఎవరో తెలుసా? మైకేల్ ఫారడే. పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పనిచేసి శాస్త్రవేత్త అయిన ఫారడేకూ, గొలుసు పట్టుకుని పొలాలు కొలిచి శాస్త్రవేత్త అయిన టిండాల్‌కూ చక్కగా కుదిరింది. 1867లో ఫారడే పోయాక ఆయన స్థానంలో టిండాల్ కూర్చున్నారు.

ఇక మంచు సంగతి. 1856లో టిండాల్ పలకరాయి పొరలుపొరలుగా ఎందుకు చీలుతుందో వివరిస్తూ ఒక ఉపన్యాసం ఇచ్చారు. అది విన్న మిత్రుడు థామస్ హక్స్‌లీకి ఒక అనుమానం వచ్చింది. హిమానీనదాల మంచులో నీలం, తెలుపు చారలు కనిపిస్తాయి కదా, వాటికీ ఇదే కారణమేమో? చూసి వద్దామని ఇద్దరూ ఆ వేసవిలో ఆల్ప్స్‌కు వెళ్లారు. చూసి వద్దామని వెళ్లిన టిండాల్‌కు ఆ కొండలు పట్టుకున్నాయి. ఆ తరవాత దాదాపు ప్రతి వేసవీ అక్కడే.

ఇక్కడ తెలుగు ఉపాధ్యాయురాలిగా ఒక మాట చెప్పాలి. మనం హిమానీనదం అంటున్నాం. ఆ మాటలో నదం ఉంది. మంచు నదిలా పారుతుందని మనకు మాట నేర్చుకున్నప్పుడే తెలిసిపోతుంది. కానీ 1850లలో అదే పెద్ద తగాదా. రాయిలా గట్టిగా ఉండే మంచు పారడమేమిటి? కొండ వాలు మీద మొత్తంగా జారుతోందా? తేనెలా సాగుతోందా? పగిలి మళ్లీ అతుక్కుంటోందా? స్కాట్లండుకు చెందిన జేమ్స్ ఫోర్బ్స్ 1842లోనే ఫ్రాన్సులోని మేర్ ద గ్లాస్ హిమానీనదం మీద కొలతలు తీసి, అంచులకంటే మధ్యభాగం వేగంగా కదులుతుందని చూపించారు. మంచు చిక్కటి ద్రవంలా సాగుతుందని ఆయన వాదన.

1857లో టిండాల్ అదే మేర్ ద గ్లాస్‌కు వెళ్లారు. తోడు హిర్స్ట్. పాత సర్వేయర్లిద్దరూ పాత పనిలోకే దిగారు. ఒక గట్టున థియోడొలైటు నిలిపి, ఎదుటి కొండ మీద ఒక గుర్తు చూసుకుని, ఆ రెంటికీ మధ్య మంచు మీద అడ్డంగా ఒకే వరుసలో కర్రలు పాతించారు. మర్నాడు మళ్లీ అదే చోటి నుంచి చూశారు. వరుస చెదిరిపోయింది. ఒక్కో కర్ర ఎన్ని అంగుళాలు కిందికి జరిగిందో కొలిచి రాసుకున్నారు. రోజుకు అంగుళాల లెక్క గనక కంటికి ఆనదు, కర్రకు ఆనుతుంది. అలా ఒకచోట కాదు, హిమానీనదం పొడుగునా ఎన్నో చోట్ల కొలిచారు.

అందులో ఒక కొత్త సంగతి బయటపడింది. హిమానీనదం వంపు తిరిగే చోట అన్నిటికంటే వేగంగా కదిలే బిందువు సరిగ్గా మధ్యలో లేదు. వంపు బయటి వైపుకు జరిగి ఉంది. వంపు ఇటు తిరిగితే ఇటు, అటు తిరిగితే అటు. ఏటి ఒడ్డున పెరిగిన పిల్లలకు ఇది చెప్పక్కర్లేదు. ఏరు మలుపు తిరిగే చోట నీటి ఉరవడి బయటి ఒడ్డునే కోస్తుంది. మంచు కూడా అంతే.

చలికాలంలో మంచు కదులుతుందా, ఆగిపోతుందా అన్నది తరవాతి ప్రశ్న. ఊరికే ఊహించి ఊరుకోలేదు. 1859 డిసెంబరు చివరి వారంలో, నడుములోతు మంచులో, షామొనీ ఊరి నుంచి మనుషులను వెంటబెట్టుకుని మేర్ ద గ్లాస్‌కు ఎక్కారు. మంచు తుఫానులో థియోడొలైటు కళ్లద్దం తుడుచుకుంటూ కర్రలు పాతించారు. వేసవిలో కొన్నిచోట్ల రోజుకు రెండడుగులకు మించి కదిలిన మంచు చలికాలంలో దాదాపు సగం వేగంతో కదులుతోందని తేలింది. ఆగిపోలేదు.

మంచు కదలికకు టిండాల్ చెప్పిన కారణం వేరు. కరిగే స్థితిలో ఉన్న రెండు మంచుముక్కలను ఒకదానికొకటి ఆనిస్తే అతుక్కుపోతాయని ఫారడే ఎప్పుడో గమనించారు. టిండాల్ మంచును చెక్క అచ్చుల్లో పెట్టి యంత్రంతో నొక్కి గిన్నెలుగా, కటకాలుగా, ఉంగరాలుగా మార్చి చూపించేవారు. హిమానీనదంలోనూ మంచు ఒత్తిడికి పగిలి, మళ్లీ అతుక్కుంటూ ముందుకు పోతుందని ఆయన సిద్ధాంతం. ఫోర్బ్స్‌తో ఈ విషయమై గొడవ చాలా ఏళ్లు నడిచింది. ఎవరు ముందు కనిపెట్టారన్న పేచీ కూడా దానికి తోడైంది. 1868లో ఫోర్బ్స్ పోయాక కూడా మిత్రులు, శిష్యులు ఆ మంట ఆరనివ్వలేదు. ఇందులో టిండాల్ నోటి దురుసు కూడా తక్కువేమీ కాదు. నూరేళ్ల తరవాత భౌతికశాస్త్రం చెప్పిన తీర్పు ఎక్కువగా ఫోర్బ్స్ వైపే మొగ్గింది. మంచు తన బరువుకు తానే నెమ్మదిగా సాగుతుంది, అడుగున నేల మీద జారుతుంది కూడా. టిండాల్ సిద్ధాంతం నిలవలేదు, కొలతలు మాత్రం నిలిచాయి. సిద్ధాంతం వీగిపోయాక కూడా పనికొచ్చే కొలతలు తీసి పెట్టడం నా దృష్టిలో చిన్న ఘనత కాదు.

ఆ చలికాలపు యాత్రకు కొన్ని నెలల ముందే, 1859 మే నెలలో, లండన్‌లో నేలమాళిగలోని ప్రయోగశాలలో మరో పని మొదలైంది. ఎండ వేడిని లోపలికి రానిచ్చే మన వాతావరణం, నేల నుంచి తిరిగి పోయే వేడిని మాత్రం కొంత ఆపుతుందని ఫ్రాన్సులో ఫూరియే వంటివారు అప్పటికే అనుకున్నారు. అమెరికాలో యూనిస్ ఫుట్ అనే ఆమె 1856లో గాజు గొట్టాల్లో వాయువులు నింపి ఎండలో పెట్టి, కార్బన్ డై ఆక్సైడ్ ఉన్న గొట్టం ఎక్కువ వేడెక్కుతుందని చూపించింది. ఆమె పేరు నూటయాభై ఏళ్ల పాటు ఎవరికీ పట్టలేదు. ఇప్పుడైనా పాఠాల్లోకి వస్తున్నందుకు సంతోషం. అయితే నేల విడిచే కంటికి కనబడని వేడికిరణాలను ఏ వాయువు ఎంత పీల్చుకుంటుందో లెక్కగట్టి చూపించిన మొదటి మనిషి టిండాల్.

పరికరం ఆయన సొంతంగా అమర్చుకున్నదే. నాలుగడుగుల ఇత్తడి గొట్టం. దానికి రెండు చివరలా గాజు పెడితే వేడికిరణాలను గాజే ఆపేస్తుంది. అందుకని గనుల్లో దొరికే స్ఫటికంలాంటి రాతి ఉప్పును పలకలుగా కోయించి బిగించారు. ఒకవైపు మరిగే నీళ్ల డబ్బా, మరోవైపు వేడిని విద్యుత్తుగా మార్చే థర్మోపైల్, దానికి తగిలించిన గాల్వనోమీటరు. తేడాలు ఎంత సూక్ష్మమంటే, అసలు వేడి ముందు అవి కనబడవు. దానికి ఆయన చేసిన ఉపాయం మన తక్కెడ లాంటిది. థర్మోపైల్ రెండో వైపున ఇంకో మరిగే నీళ్ల డబ్బా పెట్టి, రెండు వైపులా వేడి సమానం చేసి, సూది సున్నా మీద నిలబెట్టారు. ఇప్పుడు గొట్టంలోకి ఏ వాయువు పంపినా, అది పీల్చుకున్న వేడి మేరకు సూది పక్కకు తిరుగుతుంది. అప్పుడూ సూది సతాయించింది. చూడగా చూడగా తేలిందేమిటంటే, రాగితీగకు చుట్టిన ఆకుపచ్చ పట్టుదారం రంగులో ఇనుము కలిసి ఉంది. తెల్ల పట్టు చుట్టిన తీగ తెప్పించాక సూది దారికి వచ్చింది.

ఫలితాలు చూసి ఆయనే ఆశ్చర్యపోయారు. గాలిలో దాదాపు అంతా ఆక్రమించే నైట్రోజన్, ఆక్సిజన్ వేడికిరణాలను ఇంచుమించు ఆపనే ఆపవు. గాలిలో చిటికెడు చిటికెడుగా ఉండే నీటి ఆవిరి, కార్బన్ డై ఆక్సైడ్ మాత్రం గట్టిగా పీల్చుకుంటాయి. 1861 ఫిబ్రవరిలో రాయల్ సొసైటీ ముందు ఈ ఫలితాలు వివరిస్తూ, ఈ వాయువుల పాలు మారితే భూమి శీతోష్ణస్థితే మారుతుందనీ, భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పే పూర్వపు మార్పులకు ఇదే కారణమై ఉండవచ్చనీ సూచించారు. గాలిలో ఈ నీటి ఆవిరి దుప్పటి లేకపోతే ఒక్క రాత్రిలో ఇంగ్లండులోని మొక్కలన్నీ గడ్డకట్టి చస్తాయన్నది ఆయన లెక్క. బొగ్గు కాల్చి మనిషే ఆ దుప్పటిని మందం చేస్తాడన్న ఆలోచన మాత్రం ఆయన రాతల్లో లేదు. దుప్పటి ఎంత మందమైతే ఎంత వేడి అన్న లెక్క 1896లో స్వీడన్‌కు చెందిన ఆరీనియస్ వేశారు. అప్పటికి టిండాల్ పోయి మూడేళ్లు.

ఆయన చేసిన మిగతా పనులు ఒక వ్యాసంలో పట్టవు. గాలిలోని దుమ్ములో సూక్ష్మజీవులుంటాయని చూపించారు. ఆకాశం నీలిరంగు మీద ప్రయోగాలు చేశారు. ఆ దారిలోనే చాలా కాలానికి మన సర్ సి.వి. రామన్ కాంతి పరిక్షేపణం మీద పరిశోధించారు. పొగలో పనిచేసే అగ్నిమాపక సిబ్బందికి ముఖానికి తగిలించుకునే వడపోత సాధనం తయారుచేశారు. క్రిస్మస్ సెలవుల్లో పిల్లల కోసం పన్నెండు సార్లు ఉపన్యాసమాలలు ఇచ్చారు. 1872లో అమెరికా వెళ్లి ఉపన్యాసాలిచ్చి, వచ్చిన డబ్బు అక్కడి విద్యార్థుల చదువుకే ఇచ్చి వచ్చారు.

కొండలెక్కడం మాత్రం వదల్లేదు. 1858లో మోంటే రోజా శిఖరం ఒంటరిగా ఎక్కారు. 1861 ఆగస్టులో బెన్నెన్, వెంగర్ అనే ఇద్దరు దారిచూపేవాళ్లతో కలిసి, అంతవరకు ఎవరూ ఎక్కని వైస్‌హార్న్ శిఖరం ఎక్కారు. మూడేళ్లకు ఆ బెన్నెన్ మంచుచరియల కింద పడి చనిపోయాడు.

టిండాల్ చాలాకాలం పెళ్లి చేసుకోలేదు. 1876లో, యాభై అయిదేళ్ల వయసులో, లూయీసా హామిల్టన్‌ను పెళ్లాడారు. ఆమెకు ముప్ఫై ఏళ్లు. పిల్లలు కలగలేదు. ఆల్ప్స్‌లోకెల్లా పొడవైన అలెచ్ హిమానీనదానికి ఎదురుగా, బెల్ఆల్ప్ అనే చోట కొండ మీద చిన్న ఇల్లు కట్టుకుని వేసవులు అక్కడ గడిపేవారు. లూయీసా ఆయన ఉత్తరాలు రాసిపెట్టేది, ప్రయోగాల్లో సాయపడేది. ముసలితనంలో టిండాల్‌కు నిద్ర పట్టని జబ్బు. నిద్రకు క్లోరల్ అనే మందు, కడుపుకు మెగ్నీషియా, రెండూ ఆమె చేతి మీదుగానే వేసుకునేవారు. 1893 డిసెంబరు 4 ఉదయం మెగ్నీషియా అనుకుని ఆమె క్లోరల్ ఇచ్చింది. రుచి చూడగానే ఆయనకు తెలిసిపోయింది. వైద్యులు చేయగలిగింది చేశారు. సాయంత్రానికి ఆయన ప్రాణం పోయింది.

లూయీసా ఆ తరవాత నలభై ఆరేళ్లు బతికింది. ఆయన జీవితచరిత్ర తానే రాయాలని ఉత్తరాలు, దినచర్య పుస్తకాలు అన్నీ పోగుచేసింది, నకళ్లు రాయించింది. రాస్తూనే ఉండిపోయింది, పుస్తకం పూర్తి కాలేదు. 1940లో ఆమె కన్నుమూశాక వేరేవాళ్లు దాన్ని పూర్తిచేసి 1945లో అచ్చు వేయించారు. తన చేతి మీదుగా జరిగిన దాన్ని ఆమె కాగితం మీద ఎలా పెట్టగలదు అనిపిస్తుంది నాకు. బెల్ఆల్ప్ పైన, అలెచ్ కనబడే చోట, ఆమె నిలబెట్టించిన స్మారక శిల మాత్రం ఉంది.

టిండాల్ పోయిన మరుసటి ఏడాది, 1894లో, జ్యూరిక్‌లో జరిగిన భూగర్భశాస్త్ర మహాసభలో హిమానీనదాల కోసం ఒక అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. స్విట్జర్లాండుకు చెందిన ఫోరెల్ దానికి ముందు నడిచారు. అన్ని దేశాల్లో ఏటేటా కొలవాలి, కొలతలన్నీ ఒకచోట చేర్చాలి అన్నది సంకల్పం. మంచు ఎంత వేగంగా నడుస్తోంది అన్నది టిండాల్ ప్రశ్న. ఎంత మిగిలింది అన్నది వీళ్ల ప్రశ్న. ఆ పని ఇప్పటికీ జ్యూరిక్ కేంద్రంగానే సాగుతోంది.

పద్ధతి వింటే టిండాల్ నవ్వుకునేవారేమో. ఇప్పటికీ కర్రలే. మంచులో లోతుగా రంధ్రం తొలిచి కర్ర దింపుతారు. ఏడాది తరవాత వచ్చి చూస్తే కర్ర ఎంత బయటపడిందో అంత మంచు కరిగిందన్నమాట. పైభాగంలో గొయ్యి తవ్వి, కొత్తగా ఎంత మంచు చేరిందో, దాని సాంద్రత ఎంతో చూస్తారు. చేరినదాంట్లోంచి పోయినదాన్ని తీసేస్తే ఆ ఏటి లెక్క. మన ఇంట్లో నెలాఖరు పద్దు చూసుకున్నట్టే. ప్రపంచంలో సుమారు 2,75,000 హిమానీనదాలుంటే, కర్రలు పాతి కొలిచినవి కొన్ని వందలు మాత్రమే. మిగిలినవాటి కోసం ఉపగ్రహాలున్నాయి. కొన్ని మంచు ఉపరితలం ఎత్తు ఎంత తగ్గిందో చూస్తాయి. 2002లో పంపిన జంట ఉపగ్రహాలైతే మంచు బరువు తగ్గిన చోట భూమి ఆకర్షణ ఎంత తగ్గిందో పసిగట్టాయి. ఈ పద్ధతులన్నీ కలిపి 2025లో వేసిన లెక్క ప్రకారం 2000 నుంచి 2023 వరకు ఏటా సగటున 273 వందకోట్ల టన్నుల మంచు పోయింది. వందకోట్ల టన్నుల నీళ్లంటే కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు, కిలోమీటరు లోతు ఉన్న తొట్టి. అలాంటివి 273, ఒక్క ఏడాదికి. ఈ కాలంలో ప్రపంచం మొత్తమ్మీద హిమానీనదాల మంచు సుమారు 5 శాతం తగ్గితే, టిండాల్ తిరిగిన ఆల్ప్స్ ప్రాంతంలో 39 శాతం తగ్గింది.

ఆయన కర్రలు పాతిన మేర్ ద గ్లాస్ ఆ రోజులతో పోలిస్తే వంద మీటర్లకు పైగా పలచబడింది. 1988లో అక్కడి కేబుల్ కారు దిగితే మూడే మెట్లు దిగి మంచు గుహలోకి పోయేవారు. కొద్ది ఏళ్ల కిందటికి ఆ మెట్లు అయిదు వందలు దాటాయి. ఏటా కొన్ని మెట్లు కలుపుకుంటూ పోయారు.

నేను హిమాచల్ ప్రదేశ్‌లో పనిచేసిన రోజుల్లో, తరగతిలో లాహౌల్ వైపు పిల్లలు ఇద్దరు ఉండేవాళ్లు. హిమానీనదం అన్న మాట చెప్పి అర్థం వివరించబోతే, వాళ్లే నాకు వివరించారు, తాతలు చూసినప్పుడు అది ఎక్కడిదాకా ఉండేదో చేతులు చాపి మరీ. ఆ లాహౌల్‌లోనే ఛోటా షిగ్రీ అనే హిమానీనదం ఉంది. 2002 నుంచి మన దేశపు పరిశోధకులు, ఫ్రెంచి పరిశోధకులతో కలిసి, ఏటా అక్కడికి నడిచి వెళ్లి కర్రలు చూసుకుని వస్తున్నారు. కర్ర పూర్తిగా బయటపడితే పక్కనే మళ్లీ రంధ్రం తొలిచి కొత్తది దింపుతారు. వేసవి అయిపోయి, కొత్త మంచు పడకముందు, సెప్టెంబరు ఆఖరులోనో అక్టోబరు మొదట్లోనో ఆ పని జరుగుతుంది.